పాట వినాలా, కబుర్లు చెప్పుకోవాలా? ఆఫీసు వాళ్లతో లైవ్ మ్యూజిక్‌కి వెళ్లేవాళ్లు చెప్పండి

మూడో_వరుస:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నాకు లైవ్ మ్యూజిక్ అంటే ప్రాణం. ఫోన్లో ఎన్నిసార్లు విన్న పాటయినా, ఎదురుగా ఒక మనిషి నిలబడి ఊపిరి తీసుకుని పాడుతుంటే అది కొత్త పాటలాగే ఉంటుంది. డ్రమ్మర్ చెయ్యి పైకి లేచాక దెబ్బ పడేలోపు ఒక చిన్న ఖాళీ ఉంటుంది చూడండి, దానికోసమే వెళ్తాను నేను. ఇన్నాళ్లూ ఒక్కడినే వెళ్లేవాణ్ణి, లేదంటే నా పాత స్నేహితుడితో. పాట నడుస్తున్నంతసేపూ మేమిద్దరం మాట్లాడుకోం. బాగా నచ్చిన చోట ఒకరి మోచెయ్యి ఒకరం తడతాం, అంతే.

ఇప్పుడు మా టీమ్ వాళ్లు అప్పుడప్పుడూ పని అయ్యాక బ్యాండ్ వాయించే చోటికి అందరం కలిసి వెళ్దామంటున్నారు. వెళ్తున్నాం కూడా. నేనే టేబుల్ బుక్ చేస్తాను, ఎవరు వాయిస్తారో ముందే చూసి చెప్తాను. కానీ అక్కడికి వెళ్లాక జరిగేది ఇది. బ్యాండ్ మొదలవగానే సగం మంది పాట మీద అరుస్తూ ప్రాజెక్టు గురించి మాట్లాడుకుంటారు. ఒకతను నేరుగా వెళ్లి స్పీకర్ ముందు నిలబడతాడు, మర్నాడు చెవుల్లో గుయ్ మంటోందంటాడు. కొత్తగా చేరిన అమ్మాయి మూలన చెవులు మూసుకుని కూర్చుంటుంది. మా టీమ్ లీడ్ మంచివాడు, ప్రేమ కొద్దీ అందరి చేతిలో గ్లాసు పెడతాడు. ఆయన లేచేదాకా ఎవరూ లేవరు. నేను ఇటు పాటా వినలేను, అటు మనుషులతోనూ సరిగ్గా ఉండలేను.

మరి మానేయొచ్చు కదా అంటారేమో. మానేయాలని లేదు. పోయినసారి చివర్లో అందరికీ తెలిసిన పాట ఒకటి ఎత్తుకున్నారు. మా దగ్గర లెక్కలు చూసే పెద్దాయన ఉన్నారు, అవసరం ఉంటే తప్ప నోరు విప్పని మనిషి. ఆయన కళ్లు మూసుకుని పల్లవంతా గొంతెత్తి పాడారు. ఆ కొత్తమ్మాయి కూడా గొంతు కలిపింది. ఆ మర్నాటినుంచి వాళ్లిద్దరూ పలకరించుకుంటున్నారు. ఇలాంటిది ఏ మీటింగులో జరుగుతుంది చెప్పండి?

మీరైతే ఎలా సర్దుకుంటారు? ఎక్కడ కూర్చోవాలి, ఎవరితో ఏం చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా రాయండి.

ఒంటరి_శ్రోత:

రెండూ కలపకండి. సంగీతం కోసం ఒక్కరే వెళ్లండి, లేదా మీ మోచేతి స్నేహితుడితో వెళ్లండి. ఆఫీసు వాళ్లతో గడపాలంటే ప్రశాంతంగా మాట్లాడుకునే చోటు ఇంకోటి చూసుకోండి. నేను ఇలాగే చేస్తున్నాను, ఇద్దరి మీదా విసుగు రాదు. వినడానికి వచ్చినవాళ్లకి మన టేబుల్ గోల ఎంత ఇబ్బందో కూడా ఆలోచించండి. పక్క టేబుల్లో ఉండేది సాధారణంగా నేనే.

మూడో_వరుస:

మీరు చెప్పింది కాదనను అండి. కానీ ఆ పెద్దాయన పాడింది విన్నాక వేరువేరుగా పెట్టాలని మనసు రావట్లేదు. పక్క టేబుల్ వాళ్లకి ఇబ్బంది కాకుండా చెయ్యడం ఎలా అన్నది కూడా నా ప్రశ్నలో భాగమే అనుకోండి.

మిక్సర్_పక్కన:

నేను లైవ్ షోలకి సౌండ్ చేస్తాను. మీ బాధలో సగం, కూర్చున్న చోటుని మారిస్తే పోతుంది. కొంచెం విడమర్చి చెప్తాను.

ముందు స్టేజీ సంగతి. దగ్గరగా ఉంటే బాగా వినపడుతుందని అందరూ అనుకుంటారు. చిన్న హాల్లో అది తప్పు. స్టేజీకి ఆనుకుని నిలబడితే మీకు వచ్చేది డ్రమ్స్ నేరుగా, గిటార్ ఆంప్ (గిటార్‌కి విడిగా ఉండే స్పీకర్ పెట్టె) నేరుగా. గాయకుడి గొంతు మాత్రం పెద్ద స్పీకర్లలోంచే రావాలి, అవేమో మీ తల దాటి వెనక్కి చూస్తుంటాయి. అందుకే ముందున్నవాళ్లు ‘పాట వినపడట్లేదు, పెంచండి’ అని సైగలు చేస్తుంటారు. నేను పెంచితే వెనకవాళ్లకి చెవులు పోతాయి. స్పీకర్ ముందు నిలబడే మీ మిత్రుడిది ఇంకో కథ. ఆయనకి ఒక పక్క స్పీకర్ తప్ప ఇంకేమీ వినపడదు.

బాగా వినాలంటే మిక్సింగ్ డెస్క్, అంటే మేం సౌండ్ సరిచేసే మిక్సర్ ఉన్న బల్ల, ఎక్కడుందో చూసి దాని చుట్టుపక్కల కూర్చోండి. మేం అక్కడ మా చెవికి వినపడేదాన్నిబట్టే సరిచేస్తాం కాబట్టి ఆ చోటు మీకు ఎప్పుడూ మోసం చెయ్యదు. వెనక గోడకి ఆనుకునే టేబుల్, మూల టేబుల్ వద్దు. బేస్, అంటే కిందిస్థాయి శబ్దం, అంతా గోడల దగ్గర పోగుపడి పొట్టలో గుద్దినట్టుంటుంది. బాల్కనీ కింద లోపలికి వెళ్తే పైస్థాయి స్వరాలు తగ్గి, మాటలు స్పష్టంగా ఉండవు.

ఇక మాట్లాడుకునేవాళ్లు. వాళ్లని తిట్టకండి, పక్కకి కూర్చోబెట్టండి. స్పీకర్లోంచి పైస్థాయి శబ్దం టార్చి వెలుగులా ఎదురుగా వెళ్తుంది, బేస్ మాత్రం అన్ని వైపులా పాకుతుంది. కాబట్టి స్పీకర్లకి పక్కగా, వాటి చూపు పడని చోట కూర్చుంటే మాటలకి అడ్డుపడే శబ్దం బాగా తగ్గుతుంది. అక్కడ మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. హాలు మధ్యలో టేబుల్ తీసుకుంటే మాత్రం అరవక తప్పదు. 1911లో ఎత్యెన్ లొంబార్ అనే ఫ్రెంచి చెవి డాక్టరు ఒక విషయం రాశాడు. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. మీ టేబుల్ గొంతు పెంచుతుంది, అది విని పక్క టేబుల్ పెంచుతుంది, వాళ్ల గోల మీద గాయకుడు వినపడాలని నేను పెంచాల్సి వస్తుంది. ఒక్క టేబుల్ తగ్గితే హాలంతా కొంచెం తగ్గుతుంది, ఇది నేను రోజూ చూసేదే.

చెవుల గురించి మాత్రం తప్పకుండా చదవండి. మీ మిత్రుడికి మర్నాడు గుయ్ మనడం తేలిగ్గా తీసుకోవలసింది కాదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలుంటాయి, మనుషుల్లో అవి చనిపోతే మళ్లీ పుట్టవు. గుయ్ మనడం, చెవిలో దూది పెట్టినట్టు ఉండడం, అవి దెబ్బ తిన్నాయని చెప్పడమే. ఒకటి రెండు రోజుల్లో తగ్గినా పదేపదే అయితే నిలిచిపోతుంది. అమెరికాలో పని చోట్ల ఆరోగ్యం చూసే నియాష్ అనే సంస్థ చెప్పే లెక్క ఇది: 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగమైపోతుంది. ఆ లెక్కన 88 దగ్గర 4 గంటలు, 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలే. బ్యాండ్ వాయించే హాల్లో 100 దగ్గరికి వెళ్లడం వింత కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికల కోసం ఒక ప్రమాణం ఇచ్చింది. 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని, వచ్చినవాళ్లకి ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచాలని, చెవులకి విశ్రాంతి ఇచ్చే నిశ్శబ్దమైన చోటు ఉండాలని అందులో ఉంది. మీరు టేబుల్ బుక్ చేసేటప్పుడు అలాంటి చోటుందా అని అడగండి. ఆ కొత్తమ్మాయికి అది ఎంత ఉపయోగమో ఊహించండి.

ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే పాట చెడుతుందన్నది నురుగు ప్లగ్స్ వల్ల వచ్చిన మాట. అవి పైస్థాయిని ఎక్కువగా కోస్తాయి కాబట్టి దుప్పటి కప్పినట్టుంటుంది. సంగీతం కోసమే చేసే ఫిల్టర్ ఉన్నవి వేరు. అన్ని స్థాయిలనీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, పాట పాటలాగే ఉంటుంది, చిన్నదవుతుంది అంతే. చాలామందికి పక్కవాళ్ల మాట కూడా అప్పుడే స్పష్టంగా తెలుస్తుంది. మొదటి పాటకి ముందే పెట్టుకోవాలి, చెవి నొప్పెట్టాక కాదు. నురుగువే దొరికితే సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పైకి లాగి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోండి. బయటికి సగం వేలాడుతుంటే పెట్టుకోనట్టే లెక్క.

ఒక్క మాట, మొదటి పాట వినగానే సౌండ్ బాగోలేదని తీర్పు ఇవ్వకండి. మేం సౌండ్ చెక్ చేసేది ఖాళీ హాల్లో. జనం నిండాక మనుషుల ఒళ్లూ బట్టలూ పైస్థాయి శబ్దాన్ని పీల్చేస్తాయి, హాలు మారిపోతుంది. ఒకటి రెండు పాటలు మాకివ్వండి.

చివరి_బస్సు:

మిక్సర్ గారు చోటు గురించి చెప్పారు, నేను మనుషుల గురించి చెప్తాను. మా ఆఫీసులో ఇవి ఏర్పాటు చేసేది నేనే.

నేను సాయంత్రాన్ని రెండుగా చేస్తాను. బ్యాండ్ మొదలవడానికి గంట ముందు పక్కనే ఎక్కడైనా నిశ్శబ్దంగా ఉన్నచోట కలుస్తాం. కబుర్లు, ఆఫీసు గొడవలు, ఎవరి మీద కోపాలు, అన్నీ అక్కడే. మనుషులు పాట మీద అరిచేది చెప్పుకోవలసింది లోపల మిగిలిపోయి ఉండడం వల్ల. అది ముందే తీరిపోతే చాలామంది వాళ్లంతట వాళ్లే వింటారు. మొదటి భాగానికి మాత్రమే వచ్చి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు, సంగీతానికి మాత్రమే వచ్చేవాళ్లూ ఉంటారు. రెండూ సరే అని ముందే గ్రూపులో రాసేస్తాను. ఆలస్యంగా వచ్చావేంటి, అప్పుడే వెళ్తున్నావేంటి అన్న మాట మా దగ్గర వినపడదు.

మీ టీమ్ లీడ్ విషయం అసలైనది. స్నేహితులతో వెళ్లడానికీ ఆఫీసు వాళ్లతో వెళ్లడానికీ తేడా ఇక్కడే ఉంది. స్నేహితుడు గ్లాసు ఇస్తే వద్దు పోరా అంటాం. జీతం పెంచే మనిషి ఇస్తే అలా అనలేం, ఆయన ఎంత మంచివాడైనా సరే. ఇది ఆయనకి తెలిసి ఉండకపోవచ్చు. మీరు విడిగా, చనువుగా చెప్పండి. ‘మీరు ఫలానా టైముకి బయల్దేరతానని ముందే అనేయండి సర్, మిగతావాళ్లకి తేలికవుతుంది’ అని. మా మేనేజరుకి నేను అలాగే చెప్పాను. ఇప్పుడు ఆవిడ మొదటి బ్రేక్‌లోనే అందరికీ చెప్పి వెళ్తారు. ఆవిడ వెళ్లాక ఉండాలనుకున్నవాళ్లే ఉంటారు. తాగే విషయంలో మాది ఒకటే నియమం. ఎవరికి కావలసింది వాళ్లే తెచ్చుకుంటారు. తాగనివాళ్లని ఎందుకని అడగం. మందులు వాడుతుండొచ్చు, ఇష్టం లేకపోవచ్చు, ఇంకేదో కారణం ఉండొచ్చు, అది వాళ్ల సొంత విషయం.

ఇంటికి చేరడం గురించి బయల్దేరే ముందే మాట్లాడుకోవాలి, రాత్రి గుమ్మం దగ్గర నిలబడి కాదు. బండి నడిపేవాళ్లు చుక్క ముట్టరు. కాఫీ తాగితేనో మొహం కడుక్కుంటేనో దిగిపోతుందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దిగదు. లివరు దాన్ని తన వేగంతోనే నెమ్మదిగా అరిగిస్తుంది, దాన్ని తొందరపెట్టే ఉపాయం ఏదీ లేదు. ఒకే దారిలో వెళ్లేవాళ్లని జతలు చేస్తాం. చేరగానే గ్రూపులో ఒక్క ముక్క పెట్టాలి. అది పెట్టకపోతే నేను ఫోన్ చేస్తాను, అర్ధరాత్రయినా సరే. విసుక్కున్నవాళ్లు ఇంతవరకూ లేరు.

ఇంకోటి కూడా. డాన్స్ చేసేవాళ్ల వీడియో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టడం మా దగ్గర లేదు. అడిగి తీసినా, పెట్టేముందు మళ్లీ అడగాలి. అసలు వారం చివరి రోజు సాయంత్రాలు మాత్రమే పెడితే చిన్నపిల్లలున్న వాళ్లు ఎప్పటికీ రాలేరు. అందుకని అప్పుడప్పుడూ పగటిపూట కచేరీ కూడా చూస్తాం. వాటికి వచ్చే మనుషులే వేరు.

రెండో_గొంతు:

నేను ఒక చిన్న బ్యాండ్‌లో కోరస్ పాడతాను. స్టేజీ మీద నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్పాలని ఆగలేక రాస్తున్నాను.

లైట్లు కళ్లలో పడతాయి కాబట్టి వెనక వాళ్లెవరూ మాకు కనపడరు. కానీ ముందు రెండు మూడు వరుసల్లో ఎవరు పెదవులు కలుపుతున్నారో, ఎవరు ఫోన్ చూస్తున్నారో తెలుస్తూనే ఉంటుంది. గట్టి పాటలో మీరు మాట్లాడుకున్నా మాకు ఇబ్బంది లేదు. గిటార్ ఒక్కటే ఉండి గొంతు నెమ్మదిగా నడిచే పాటలో మాత్రం ప్రతి మాటా వినపడుతుంది. ఒకసారి పల్లవి మధ్య నిశ్శబ్దంలో ఎవరిదో ఇంటి అద్దె గొడవంతా విన్నాం. మీ వాళ్లతో అన్ని పాటలకీ నోరు మూసుకోమని చెప్పలేరు. ‘నెమ్మది పాట వస్తే ఆపుదాం’ అన్న ఒక్క ఒప్పందం చేసుకోండి. ఎవరైనా ఒప్పుకుంటారు. చాలా చోట్ల బ్యాండ్ మధ్యలో బ్రేక్ తీసుకుంటుంది, మిగిలిన కబుర్లకి ఆ సమయం ఉండనే ఉంది.

మేం రాసుకున్న వరస ఉంటుంది గానీ దాన్ని మారుస్తూనే ఉంటాం. హాల్లో ఊపు లేకపోతే చివరికి దాచుకున్నది ముందుకి తెస్తాం. వింటున్నారనిపిస్తే సొంత పాట ఒకటి ధైర్యంగా మొదలుపెడతాం. సొంత పాట మొదలవగానే సగం టేబుళ్లు లేచి బయటికి వెళ్తాయి. దయచేసి ఆ ఒక్క పాటకి కూర్చోండి. మీ టేబుల్ కూర్చుంటే పక్కవాళ్లూ కూర్చుంటారు. మాకు అదే పెద్ద చప్పట్లు. ఏదైనా పాట అడగాలంటే పాటకీ పాటకీ మధ్య చీటీ పంపండి, పాడుతుండగా మైక్ దగ్గరికి రాకండి. స్టేజీ అంచున కేబుళ్లు, పెడళ్లు ఉంటాయి, అక్కడ గ్లాసులు పెట్టకండి.

మీ లెక్కల పెద్దాయన గురించి చదివి చాలా సంతోషమేసింది. ఇది ఊరికే మీకు అనిపించింది కాదు. 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఒక పరిశోధన ప్రచురించారు, మనుషుల మధ్య స్నేహాల మీద పరిశోధించే రాబిన్ డన్‌బార్ కూడా అందులో ఉన్నారు. కొత్తగా మొదలైన తరగతుల్లో చేరిన పెద్దవాళ్లని 7 నెలలు గమనించారు. కొందరు పాటల తరగతులు, కొందరు చేతిపనులు, కొందరు కథలు రాయడం. చివరికి అన్ని తరగతుల వాళ్లూ దగ్గరయ్యారు. కానీ పాడినవాళ్లు మిగతావాళ్ల కంటే చాలా ముందే, తొలి నెలలోనే దగ్గరయ్యారు. ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియకముందే అన్నమాట. కాబట్టి ఒంటరి_శ్రోత గారూ, మీ మాట నాకు అర్థమైంది గానీ, ఆఫీసు వాళ్లతో కలిసి గొంతు కలపడం పోగొట్టుకోవలసింది కాదు. అందరికీ తెలిసిన పాటలు వాయించే బ్యాండ్ ఉన్న రోజు టీమ్‌తో వెళ్లండి. సొంత పాటలు, నెమ్మది పాటలు వాయించేవాళ్లు వచ్చిన రోజు మీ స్నేహితుడితో వెళ్లండి.

ఒంటరి_శ్రోత:

ఆ చివరి రెండు వాక్యాలకి నేనూ ఒప్పుకుంటాను. ఏ రోజు ఎవరితో వెళ్లాలో బ్యాండ్‌ని బట్టి తేల్చుకోవచ్చని నాకు తట్టలేదు.

మూడో_వరుస:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఈసారికి గంట ముందు కలవడం, డెస్క్ పక్కన ఒక టేబుల్, స్పీకర్లకి పక్కగా ఇంకో టేబుల్ అని అనుకున్నాను. ఎవరికి ఎక్కడ నచ్చితే అక్కడ, మధ్యలో మారొచ్చు. టీమ్ లీడ్‌తో రేపే మాట్లాడతాను. స్పీకర్ ముందు నిలబడే మిత్రుడికి మిక్సర్ గారి డెసిబెల్స్ లెక్క పంపాను, ప్లగ్స్ కొనుక్కుంటానన్నాడు.

ఒక్క విషయం మిగిలింది. మా టీమ్‌లో వినికిడి యంత్రం వాడే ఆవిడ ఒకరున్నారు. ఆవిడకి శబ్దం ఇబ్బందేమోనని ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. పిలవాలా, లేదా పిలిస్తే ఇరుకున పెట్టినట్టవుతుందా?

మిక్సర్_పక్కన:

పిలవండి. వస్తారో రారో ఆవిడ చెప్పాలి, మీరు కాదు.

ఆవిడకి ఆసక్తి ఉంటే రెండు విషయాలు ఉపయోగపడతాయి. యంత్రాలు మామూలుగా మాటలు వినడానికి సరిచేసి ఉంటాయి. సాగదీసిన వేణువు స్వరాన్ని యంత్రం తనలోంచే వచ్చే కూత (ఫీడ్‌బ్యాక్) అనుకుని నొక్కేయొచ్చు, సంగీతాన్ని రొద అనుకుని తగ్గించొచ్చు. చాలా యంత్రాల్లో సంగీతానికి వేరే ప్రోగ్రామ్ పెట్టించుకోవచ్చు, ఆడియాలజిస్టుని (వినికిడి నిపుణుల్ని) అడిగితే పెడతారు. రెండోది, కొన్ని హాళ్లలో ఇండక్షన్ లూప్ ఉంటుంది, అంటే శబ్దాన్ని అయస్కాంత సంకేతంగా వినికిడి యంత్రానికి పంపే తీగ. యంత్రంలో దాన్ని అందుకునే టీ-కాయిల్ అనే చిన్న తీగచుట్ట ఉంటే మిక్సర్ నుంచి శబ్దం నేరుగా చెవికే వెళ్తుంది, హాలు గోల మధ్యలో రాదు. బుక్ చేసేటప్పుడు లూప్ ఉందా అని అడగండి, ఉంటే ఏ వరుసల్లో పనిచేస్తుందో కూడా అడగండి, అన్ని చోట్లా పనిచెయ్యదు. బ్యాండ్ మొదలవడానికి ముందు ఆవిడని సౌండ్ చేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లి పరిచయం చెయ్యండి. మాలో ఎక్కువమంది ఆ రెండు నిమిషాలూ సంతోషంగా ఇస్తాం.

మూడో_వరుస:

ఆవిడకి మెసేజ్ పెట్టాను. ఎవరు వాయిస్తున్నారని అడిగారు.